ఓటుకు గుట్టు ఉంది, వాడకు లేదు

ఎన్నికల మరునాడు ఏ పత్రిక తిరగేసినా ఒక ఫోటో తప్పకుండా కనిపిస్తుంది. కట్టె పట్టుకొని వచ్చిన ముసలవ్వ సిరా అంటిన వేలు చూపిస్తుంటుంది. కింద "ప్రజాస్వామ్య పండుగ" అని రాసి ఉంటుంది. ఆ అవ్వ ఊర్లో నుంచి వచ్చిందా, వాడలో నుంచి వచ్చిందా? బూత్ లోపల కుర్చీ మీద కూర్చొని ఆమె పేరుకు ఎదురుగా టిక్కు పెట్టుకున్నది ఎవరు? ఫలితాలు వచ్చినంక ఆమెను నాట్లకు పిలిచారా, పిలవలేదా? ఈ సంగతులు ఫోటోలో ఉండవు, సంపాదకీయాల్లోనూ ఉండవు.

మేము ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక మాదిగవాడలో పుట్టినవాళ్ళం. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ వ్యాసానికి ఆధారాలు రెండు. ఒకటి, మా వాడలోనూ పక్క ఊర్ల వాడల్లోనూ పెద్దల దగ్గర కూర్చొని విన్న మాటలు. రెండు, ఎన్నికల చట్టాలు, నియమాలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అర్థమైంది ఇది: చట్టం ఒక్కొక్క ఓటరు గుట్టును కాపాడుతుంది, వాడ గుట్టును మాత్రం కాపాడదు. దళితుల ఓటు మీద పెత్తనం ఈ సందులో నుంచే నడుస్తున్నది.

పెట్టెలో వేసుడు, ముద్ర గుద్దుడు, మీట నొక్కుడు

ఓటు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు. ఆ లెక్కన వెట్టి చేసేవాడికి, పాలేరుకు ఓటు లేదు. అంబేద్కర్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు అంటరానివారి ఓటు హక్కు గురించి వాదించారు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాలన్నారు. చివరికి రాజ్యాంగం 326వ అధికరణం ద్వారా అది అందరి హక్కు అయింది. రాజ్యాంగసభలో 1949 నవంబర్ 25న మాట్లాడుతూ ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు. రాజకీయాల్లో సమానత్వం వస్తున్నది, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అట్లాగే ఉంటున్నది, ఈ వైరుధ్యాన్ని తొందరగా తొలగించుకోకపోతే ప్రమాదమన్నది ఆ హెచ్చరిక సారాంశం. ఈ వైరుధ్యం కళ్ళకు కట్టినట్టు కనిపించే రోజు ఏదంటే పోలింగ్ రోజే.

మొదటి సాధారణ ఎన్నికల్లో బ్యాలెట్ మీద ముద్ర వేసే పద్ధతి లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు తెర చాటుకు పోయి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలి. మా నాయినమ్మ 1952లో అట్లా ఓటేసింది. "పార్లమెంటుకు రెండు కాయితాలు ఇచ్చిన్రు బిడ్డా, రెండు పెట్టెలల్ల ఏసిన" అనేది. చిన్నప్పుడు అది మాకు అర్థం కాలేదు. చదువుకున్నంక తెలిసింది, నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గమని, ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు సీటు అని. అక్కడ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు వచ్చాయని అందరూ చెప్తారు. అదే నియోజకవర్గం నుంచి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫునే రిజర్వుడు సీటులో గెలిచిన సుంకం అచ్చాలు పేరు ఎందరికి గుర్తుంది? మా నాయినమ్మ రెండు కాగితాలూ వేసింది. చరిత్ర ఒక్క కాగితాన్నే దాచుకుంది. ఈ ద్విసభ్య నియోజకవర్గాలు 1961 చట్టంతో రద్దయ్యాయి.

1962 సాధారణ ఎన్నికల నాటికి ముద్ర వేసే పద్ధతి వచ్చింది. చెరిగిపోని సిరా మాత్రం మొదటి సాధారణ ఎన్నికల నుంచే ఉంది. మా దిక్కు ఇప్పటికీ ఓటు వేయడాన్ని "ఓటు గుద్దుడు" అంటారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా యంత్రాలు వచ్చాయి. 2019లో అన్ని బూత్‌లలో వీవీప్యాట్ వచ్చింది. నొక్కిన గుర్తు అద్దం వెనుక ఏడు సెకండ్లు కనిపించి చీటి కింద పడిపోతుంది. పెట్టె పోయింది, ముద్ర పోయింది, మీట వచ్చింది. కానీ వాడ నుంచి బూత్ దాకా నడిచిపోయే ఓటరు మనసులోని అనుమానం మారలేదు. "నేనెవరికేసిన్నో వాళ్ళకు తెలుస్తదా?"

కుర్చీ మీద ఎవరున్నారు

పోలింగ్ కేంద్రంలో ఆడవాళ్ళకొక వరుస, మగవాళ్ళకొక వరుస. చట్టానికి తెలిసిన వరుసలు అవే. కులం వరుస చట్టంలో లేదు. అయినా మా పెద్దలు చెప్పేది వేరు. "పెద్దోళ్ళు గుద్దినంక పోయేటోళ్ళం. ముందుగాల పోతే ఏమంటరో అని మేమే ఆగేది" అన్నాడొక తాత. ఎన్నికలొచ్చాయని ఊరంతా డప్పు కొట్టి చాటింపు వేసినవాడే, ఊరి బడిలో వరుస చివర నిలబడ్డాడు.

అయినా ఆ రోజుకు ఒక విలువ ఉంది. దాన్ని తక్కువ చేయదలచుకోలేదు. లోపల ఒక అధికారి ఓటరు పేరు గట్టిగా చదువుతాడు. "మా నాయినను ఊర్లె ఒరే అనకుంట ఎవ్వడు పిలవలే. ఆడ మాత్రం ఇంటిపేరుతో సహా పిలిచిన్రు" అని ఒక చిన్నమ్మ చెప్పింది. ఆమె నాయిన ఏ ఎన్నికనూ వదిలిపెట్టలేదట. ఓటు వల్ల ఏమీ మారదని తేలికగా తీసిపారేసే మిత్రులు ఈ మాటను ఒకసారి ఆలోచించాలి.

ఇక కుర్చీ సంగతి. ప్రతి అభ్యర్థికీ బూత్ లోపల ఒక ఏజెంటు ఉండవచ్చు. దొంగ ఓటు పడకుండా మనుషులను గుర్తుపట్టడానికి ఏజెంటు ఆ పరిసరాల వాడై ఉండాలన్నది ఉద్దేశం. ఆచరణలో ఏమవుతుంది? ఊర్లో ఏ రైతు చేన్లో కూలికి పోతామో, ఎవరి దగ్గర అప్పు ఉందో, ఆయన కొడుకే ఏజెంటుగా కూర్చుంటాడు. ఓటర్ల జాబితాలో వచ్చినవాళ్ళ పేరు మీద గీత కొడుతూ ఉంటాడు. ఎవరు రాలేదో మధ్యాహ్నానికల్లా లెక్క తేల్చి మనుషులను పంపుతాడు. బూత్‌కు నూరు మీటర్ల లోపల ప్రచారం చేయరాదని చట్టం చెప్తుంది. కుర్చీలో కూర్చొని ఊరికే చూసే చూపును ఏ చట్టం ఆపగలదు?

సాయం పేరుతో జరిగేది ఇంకొకటి. కళ్ళు కనబడనివారు, శరీరం సహకరించనివారు తోడు మనిషిని తీసుకుపోవచ్చు. ఆ తోడు మనిషి పద్దెనిమిదేళ్ళు నిండినవాడై ఉండాలి, ఆ రోజు ఒక్క ఓటరుకే తోడుపోవాలి, ఓటు గుట్టు బయటపెట్టనని రాసివ్వాలి. చదువు రాకపోవడం తోడు తీసుకుపోవడానికి కారణం కాదు. చదువురాని వారి కోసమే గదా గుర్తులు పెట్టింది! మా వాడల్లో మాత్రం "అవ్వకు తెల్వది, నేను నొక్కిస్త" అని ఊరి పిలగాడు ముసలమ్మ చెయ్యి పట్టుకొని తెర చాటుకు పోయిన సంగతులు చాలామంది చెప్పారు. మా సొంత అనుభవం కూడా ఒకటుంది. మేము మొదటిసారి ఓటు వేసిన రోజు మా అమ్మకు గుర్తు చూపించి నేర్పుతుంటే, "నాకు సంతకం రాదు గాని గుర్తు ఎరికలేదా? ఇన్నేండ్ల సంది నువ్వు నేర్పితే ఏసిన్నా?" అన్నది. చదువుకున్న కొడుకులకు కూడా ఈ జబ్బు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

సిరా చుక్క కూడా అన్ని చోట్లా ఒకే రకంగా పనిచేయలేదు. నక్సలైట్లు ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజుల్లో, ఓటేస్తే ఒకరికి కోపం, వేయకపోతే పోలీసులకు అనుమానం. రెండు వైపుల వాళ్ళూ చూసింది మా వేలునే.

బూత్ లెక్క ఎట్లా బయటపడుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 128వ సెక్షన్ ప్రకారం ఎన్నికల సిబ్బంది, ఏజెంట్లు ఓటు రహస్యాన్ని కాపాడాలి. 2013లో సుప్రీంకోర్టు 'నోటా' తీర్పు ఇచ్చినప్పుడు కూడా ఆధారం ఈ రహస్యమే. అంతకుముందు ఎవరికీ ఓటు వేయదలచుకోనివారు రిజిస్టరులో ఆ సంగతి రాయించి సంతకమో వేలిముద్రో పెట్టాల్సి వచ్చేది. దానివల్ల వారి గుట్టు బయటపడుతుంది కాబట్టి యంత్రం మీదే ఒక మీట ఉండాలని కోర్టు చెప్పింది. ఒక్క మనిషి గుట్టు కోసం చట్టం ఇంత దూరం ఆలోచించింది.

మరి వాడ సంగతి? ఒక యంత్రం ఒక బూత్‌కే పనిచేస్తుంది. లెక్కింపు రోజున ఆ యంత్రం మీట నొక్కితే ఆ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో తెర మీద పడుతుంది. అభ్యర్థుల ఏజెంట్లు రాసుకుంటారు. ఆ తర్వాత ఫారం 20 పేరుతో బూత్ వారీ ఫలితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. మన పల్లెల్లో ఇళ్ళు కులం వారీగా ఉంటాయి. ఇంటి నంబర్ల వరుసలో తయారైన ఓటర్ల జాబితాలో వాడ పేర్లన్నీ ఒక్కచోటనే వస్తాయి. వాడంతా ఒకే బూత్ కిందికి వచ్చిందనుకోండి. ఇక ఒక్కొక్కరి ఓటు తెలుసుకునే అవసరం ఎవరికీ లేదు. మొత్తం వాడ ఎటు మొగ్గిందో కాగితం మీద అచ్చయి ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బలహీన వర్గాలు ఊరి నడిబొడ్డుకు పోయి ఓటేయడానికి భయపడతారని, వారి నివాసాల దగ్గరే పోలింగ్ కేంద్రం పెట్టాలన్నది మంచి ఉద్దేశం. ఎన్నో వాడలు కొట్లాడి తమ బడిలో బూత్ పెట్టించుకున్నాయి. ఓటేసేటప్పుడు అది రక్షణ. లెక్క తేలినప్పుడు అదే పట్టుబడేసే గుర్తు. ఓటేసే రోజు భయాన్ని తగ్గించిన బూత్, లెక్కింపు రోజు భయాన్ని పెంచుతున్నది.

మేము ఇంటర్ చదివే రోజుల్లో మా ఊర్లో జరిగింది చెప్తాం. అసెంబ్లీ ఎన్నికల్లో మా వాడ బూత్‌లో, ఊరి పెద్దలు నిలబడ్డ పార్టీకి ఓట్లు తక్కువ వచ్చాయి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ఆ ఏడు పత్తి ఏరడానికి పక్క ఊరి నుంచి ఆటోల్లో కూలీలు వచ్చారు. మా వాడ ఆడవాళ్ళను పిలవలేదు. చేతి బదులు అడిగితే "లెక్క చూసుకున్నం గదా" అన్నారు. రెండు నెలలు అట్లా గడిచింది. ఏ పోలీస్ స్టేషన్‌లో ఏమని ఫిర్యాదు చేయాలి? అప్పుడు మా వాడలో అది ఎవరికీ తెలియదు. మా అమ్మ మాత్రం అప్పటి నుంచి ఓటేసి వచ్చి ఎవరితోనూ మాట్లాడదు.

చట్టానికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే, ఫలానా వారికి ఓటేయమనో, ఓటేయవద్దనో దళితులను, ఆదివాసులను బలవంతపెట్టడం, బెదిరించడం నేరం. 2015 సవరణతో (2016 జనవరి 26 నుంచి అమలు) ఇది ఇంకా విడమరచబడింది. సెక్షన్ 3(1)(ఎల్) బలవంతం గురించి. 3(1)(ఎన్) పోలింగ్ తర్వాత కొట్టడం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం లేక విధిస్తామని బెదిరించడం, రావలసిన ప్రభుత్వ సేవలు అందకుండా చేయడం గురించి. 3(1)(ఓ) ఫలానా అభ్యర్థికి ఓటేశారనో, వేయలేదనో అత్యాచారానికి పాల్పడటం గురించి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా, జరిమానా అదనం. అంటే ఓటు తర్వాత కక్ష తీర్చుకుంటారని పార్లమెంటే ఒప్పుకున్నది. మరి ఆ కక్షకు ఆధారమయ్యే లెక్కను ప్రభుత్వమే చేతికెందుకు అందిస్తున్నది?

కలిపి లెక్కించడం

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. బ్యాలెట్ కాగితాల కాలంలో, బెదిరింపులు, కక్షసాధింపులు ఉంటాయనుకున్న చోట్ల వేర్వేరు బూత్‌ల కాగితాలను కలిపి లెక్కించమని ఎన్నికల సంఘం ఆదేశించే వీలును ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59-ఎ కల్పించింది. యంత్రాలు వచ్చినంక ఆ కలుపుడు పోయింది. కాగితాలను కలపగలం, యంత్రాలను ఎట్లా కలుపుతాం? అందుకే 'టోటలైజర్' అనే పరికరం తయారైంది. పద్నాలుగు బూత్‌ల యంత్రాలను దానికి తగిలిస్తే, విడివిడిగా కాక, పద్నాలుగింటి మొత్తం మాత్రమే చూపిస్తుంది. దీన్ని వాడటానికి నియమాలు మార్చమని ఎన్నికల సంఘం 2008లో కేంద్రాన్ని కోరింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వ్యతిరేకించింది. బూత్ వారీ లెక్క తెలిస్తే పార్టీలు తమ బలహీనతలు తెలుసుకొని పనిచేస్తాయన్నది ఆ వైపు వినిపించిన వాదన. పార్టీలకు ఉపయోగమే, కాదనడం లేదు. ఆ ఉపయోగానికి ధర కట్టేది ఎవరన్నదే మా ప్రశ్న.

ఓటుకు పైసలు పంచే పద్ధతికి కూడా దీంతో సంబంధం ఉంది. 2021 హుజూరాబాద్, 2022 మునుగోడు ఉపఎన్నికల్లో తమకు డబ్బు అందలేదని ఓటర్లు రోడ్డెక్కిన వార్తలు వచ్చినప్పుడు, పేదలు ఓటు అమ్ముకుంటున్నారని చదువుకున్నవాళ్ళు చాలా బాధపడ్డారు. పంచేవాడి వైపు నుంచి చూద్దాం. తీసుకున్నవాడు తెర చాటున ఎటు నొక్కాడో అతనికి తెలియదు. అయినా ఏ ధైర్యంతో పంచుతాడు? బూత్ లెక్క వస్తుందన్న ధైర్యంతో. "ఈ బూత్ నాది" అని పైనుంచి డబ్బు తెచ్చుకునే మధ్య దళారి, లెక్క రోజు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబుదారీ వాడ మెడ మీద పడుతుంది. బూత్ లెక్క కనబడకపోతే ఈ బేరం పూర్తిగా ఆగుతుందని చెప్పం గాని, దాని నడుము విరుగుతుంది.

మిత్రులు అడిగే రెండు ప్రశ్నలు

మొదటిది: బూత్ లెక్క దాస్తే మోసాలు పట్టుకోవడం ఎట్లా? న్యాయమైన ప్రశ్న. ప్రతి బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సీ మొదటి భాగంలో రాసి ఏజెంట్లకు కాపీ ఇస్తారు. అది ఇప్పటిలాగే ఉండాలి. పద్నాలుగు బూత్‌ల పోలింగ్ మొత్తం, అభ్యర్థుల ఓట్ల మొత్తం సరిపోవాలి. ఎవరికెన్ని అన్నది మాత్రమే బూత్ వారీగా కనబడకూడదు. తగాదా వస్తే కోర్టు విప్పి చూడవచ్చు.

రెండోది మన లోపలి ప్రశ్న. "మన బలం ఎంతో బూత్ లెక్కలతోనే గదా పార్టీలకు చూపిస్తున్నాం? అది పోతే మనల్ని ఎవరు ఖాతరు చేస్తారు?" అని సంఘాల్లో పనిచేసే అన్నలు అంటారు. ఇందులో నిజం ఉంది. కానీ మా బలం ఇదీ అని సభ పెట్టి చెప్పుకోవడం వేరు, చెప్పే ధైర్యం లేని వాడ లెక్క దాని ఇష్టం లేకుండా బయటపడటం వేరు. పట్నంలో ఉన్న నాయకుడికి ఆ లెక్క బేరసారాలకు పనికొస్తుంది. తెల్లారి ఆ ఊర్లోనే కూలికి పోవాల్సిన చిన్నమ్మకు అది పనికిరాదు.

పంచాయతీ ఎన్నికల్లో ఈ బాధ ఇంకా దగ్గరిది. తెలంగాణలో 2019లోనూ 2025 డిసెంబర్‌లోనూ పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా ఓట్లు, రెండు గంటల నుంచి అదే ఊర్లో లెక్కింపు. వార్డు మెంబరు ఓట్లు ఏ వార్డువి ఆ వార్డుకే లెక్క తేలాలి, అది తప్పదు. కాబట్టి అక్కడ కలిపి లెక్కించడం ఒక్కటే సరిపోదు. చట్టం తెలిసిన మనుషులు ఊర్లో ఉండాలి.

ఇప్పుడు చేయగలిగినవి

నియమాలు మారే దాకా చేతులు ముడుచుకొని కూర్చోలేం. వాడ యువకులు, ముఖ్యంగా అమ్మాయిలు, ఏజెంట్లుగా కూర్చోవాలి. ఏ పార్టీ తరఫునైనా సరే, కుర్చీ మీద మన మనిషి ఉంటే చూపు మారుతుంది. తమ ఓటు అప్పటికే ఎవరో వేసిపోయారని తెలిస్తే ఏడుస్తూ తిరిగి రాకూడదు. టెండర్ ఓటు అడిగి తీసుకోవాలి. అది మామూలు లెక్కలో కలవకపోయినా దొంగ ఓటు పడిందనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది. చదువు రాదని ఎవరైనా తోడు వస్తామంటే వద్దని చెప్పే హక్కుందని అవ్వలకు, అమ్మలకు చెప్పాలి. ఫలితాల తర్వాత పనులు ఆపితే, అప్పు ఆపితే, నల్లా ఆపితే తేదీలతో రాసిపెట్టాలి. 3(1)(ఎన్) కింద ఫిర్యాదుకు అవే ఆధారం. ఉపాధ్యాయ మిత్రులు పోలింగ్ డ్యూటీకి పోతారు. తోడు ఓటు నియమాన్ని వారు ఖచ్చితంగా పాటిస్తే చాలు, ఎంతోమంది ముసలమ్మల ఓటు వారికే మిగులుతుంది.

వీటన్నిటితో పాటు, బూత్‌లను కలిపి లెక్కించాలన్న డిమాండ్‌ను దళిత సంఘాలు తమ ఎజెండాలోకి తీసుకోవాలి. ఇన్నాళ్ళూ దీన్ని ఎన్నికల నిపుణుల సాంకేతిక విషయంగా వదిలేశాం. ఇది వాడ కూలీ విషయం, పత్తి చేన్ల విషయం.

ఈ వ్యాసం రాస్తూ మా అమ్మను మొన్న ఎవరికేశావని అడిగాం. "నీకెందుకు?" అన్నది. ఆ మాట ఆమె కొడుకుతో అనగలిగింది. ఊరితో అనగలగాలి.